ఏసీ బిగించేవారిని ఎంచుకోవడం ఎలా?
బళ్లారి, రాయచూరు ఎండలకు మన ఇళ్లలోనూ ఏసీలు వస్తున్నాయి. మెకానిక్కును ఎంచుకునేటప్పుడు కూలి ఒక్కటే చూడకండి. ముగ్గురిని పిలిచి గది చూపించండి. టన్ను అంటే ఇక్కడ బరువు కాదు, గంటకు 12,000 బీటీయూల వేడిని తోడేసే శక్తి. గది కొలవకుండా, ఎండ ఏ గోడకు తగులుతుందో అడగకుండా టన్నులు చెప్పేవారిని నమ్మకండి. రాగి గొట్టం ఎన్ని అడుగులు, స్టాండుకెంత, వైరింగుకెంత అన్నది విడివిడిగా రాయించుకోండి, కన్నడంలోనైనా సరే. అప్పుడే మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి పోల్చగలం. గ్యాసు వదిలేముందు వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ తీస్తారా అని అడగండి. తీయకపోతే కంప్రెసర్‌కే ముప్పు. గ్యాసు దీపంలో నూనెలా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. ఏటా గ్యాసు నింపిపోయేవాడు కాదు, ఆ లీకు వెతికి మూసేవాడే మంచి పనివాడు.