వ్యాపార నిర్వహణ చదువు ఎట్లా చెబుతారు? మన సంఘానికి అందులో ఏముంది?



సముద్రం ఒడ్డు గ్రామాలలోని ఒక సంఘం మహాజన సభకు ఈ మధ్య వెళ్లాము. లెక్కలు చదవడం, బోనస్ తీర్మానం పూర్తయ్యాక ఒక సభ్యుడు లేచి, “మావాడు డిగ్రీ అయిపోయి ఎం.బి.ఏ.కి పోతానంటున్నాడు సార్. రెండేళ్లు కూర్చోబెట్టి ఏం చెప్తారు? వ్యాపారం బళ్లో నేర్పే విద్యేనా?” అని అడిగాడు. నలుగురూ నవ్వారు. కార్యదర్శి అందుకుని, “నేర్చుకున్నా మన సంఘానికి ఏం పనికొస్తుంది లెండి” అన్నాడు.

రెండూ మంచి ప్రశ్నలే. ఆ రోజు సమయం చాలక క్లుప్తంగా చెప్పి వచ్చాము. ఇప్పుడు వివరంగా రాస్తున్నాము. మన పిల్లలు ఈ చదువుకు పోతున్నారు. మన నెల్లూరులో 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఏ. ఉంది. విశాఖపట్నంలో 2015 నుంచి ఐ.ఐ.ఎం. నడుస్తున్నది. డబ్బు పెట్టే తల్లిదండ్రులకు అక్కడ ఏ తీరున చెబుతారో తెలిసి ఉండాలి.

వినడం, చేయడం

మొదటిది అందరికీ తెలిసిన ఉపన్యాస పద్ధతి. అయ్యవారు చెబుతారు, విద్యార్థులు రాసుకుంటారు. జమాఖర్చులు, ఆస్తి అప్పుల పట్టీ, ఖర్చుల లెక్క, చట్టాలు మొదలైనవి ఇట్లానే మొదలు పెట్టాలి. వేరే దారి లేదు. అయితే విన్నంత మాత్రాన చేతికి రాదు. లాక్టోమీటరు ఎట్లా చూడాలో పరీక్షకుడికి ఒక పూటలో చెప్పవచ్చు. పాల వేడిని బట్టి రీడింగు సరిచేసుకోవడం మాత్రం వంద శాంపిళ్లు చూస్తే గాని పట్టుబడదు. అందుకే మంచి కళాశాలల్లో ఉపన్యాసం తర్వాత లెక్కలు చేయిస్తారు.

కేసు పద్ధతి

రెండవది కేసు పద్ధతి. ఇది కోర్టు కేసు కాదు. ఒక సంస్థకు నిజంగా వచ్చిన చిక్కును పది పదిహేను పేజీలలో రాసి, అంకెలతో సహా విద్యార్థుల చేతికి ఇస్తారు. చివర జవాబు ఉండదు. “నీవే అధ్యక్షుడివైతే సోమవారం ఉదయం ఏం చేస్తావు?” అన్నదే ప్రశ్న. అమెరికాలో 1908లో ప్రారంభమైన హార్వర్డ్ వ్యాపార పాఠశాలలో 1920ల నాటికి ఈ పద్ధతి స్థిరపడింది. 1961లో అహ్మదాబాదులో ఐ.ఐ.ఎం. ఏర్పడినప్పుడు హార్వర్డ్ సహకారంతో మన దేశానికి వచ్చింది.

మనకు తెలిసిన విషయంతో ఒక కేసు చూద్దాము. ఇది ఊహించి రాసినదే.

ఒక సంఘానికి రోజుకు 600 లీటర్ల గేదె పాలు వస్తున్నాయి. లీటరుకు రూపాయిన్నర సంఘానికి మిగులుతుంది. నెలకు 18,000 లీటర్ల మీద 27,000 రూపాయలు. కార్యదర్శి, పరీక్షకుడి జీతాలు, అద్దె, కరెంటు, పరీక్ష సామాను కలిపి ఖర్చు కూడా 27,000. ఇంతలో ఊళ్లోకి ప్రైవేటు వ్యాను వచ్చింది. వెన్న శాతం చూడకుండా లీటరుకు 54 రూపాయలు ఇస్తానంది. మూడు నెలల్లో సంఘం పాలు 400 లీటర్లకు పడిపోయాయి. మిగులు 18,000కు తగ్గింది, ఖర్చు తగ్గలేదు. నెలకు 9,000 నష్టం. ఏం చేయాలి?

తరగతిలో ఒకరు రిజర్వు నిధి తీసి ధర పెంచమంటారు. ఇంకొకరు పరీక్షకుడిని తీసేసి ఖర్చు తగ్గించమంటారు. వేరొకరు పలక మీద లెక్క వేసి చూపుతారు. కిలో వెన్నకు సంఘం 800 రూపాయలు ఇస్తున్నది. లీటరు పాలు సుమారు 1.03 కిలోల తూకం. 7 శాతం వెన్న ఉంటే లీటరుకు 57 రూపాయల 68 పైసలు, 6 శాతం ఉంటే 49 రూపాయల 44 పైసలు వస్తాయి. కాబట్టి పలుచని పాలవాళ్లే వ్యానుకు పోయి ఉంటారు, చిక్కని పాలవాళ్లు మనతోనే ఉంటారు, భయం లేదు అని ఆయన వాదన.

వినడానికి బాగుంది. అప్పుడు వెనుక వరుసలోంచి ఒక అమ్మాయి కేసు చివరి పేజీలోని సభ్యుల జాబితా తీసి, “పోయినవాళ్లలో సగం మందికి 7 శాతం పైనే వస్తున్నది కదా. లీటరుకు మూడు రూపాయలకు పైగా పోగొట్టుకుని వాళ్లు ఎందుకు పోయారు?” అంటుంది. తరగతి నిశ్శబ్దమవుతుంది. మళ్లీ పేజీలు తిరగేస్తే ఒక మూల చిన్న వాక్యం కనబడుతుంది. గత మూడు నెలలుగా సంఘం పాల డబ్బు 25 రోజులు ఆలస్యంగా ఇచ్చింది. వ్యాను యజమాని దాణాకు, వరిగడ్డికి ముందే బయానా ఇస్తున్నాడు.

అంటే చిక్కు ధరలో లేదు, డబ్బు అందే రోజులో ఉంది. ధర పెంచినా వాళ్లు తిరిగి రారు. పరీక్షకుడిని తీసేస్తే ఉన్నవాళ్లు కూడా పోతారు. అయ్యవారు ఈ మాట ముందే చెప్పేస్తే విద్యార్థులు రాసుకుని మరచిపోయేవారు. తప్పు జవాబు నలుగురిలో గట్టిగా చెప్పి, అది ఎక్కడ విరిగిందో తామే చూసుకున్నారు కనుక ఇక మరచిపోరు. ఈ పద్ధతి బలమంతా ఇక్కడే ఉంది.

ఊరికి పోయి నేర్చుకోవడం

అయితే ఆ చిన్న వాక్యం కేసులో రాసి ఉంది కాబట్టి దొరికింది. నిజం సంఘంలో దాన్ని ఎవరు రాసి పెడతారు? ఊరికి పోయి అడిగితేనే తెలుస్తుంది. ఈ సంగతి గుర్తించి కట్టిన చదువు ఒకటి మన పాల సహకార రంగంలోనే పుట్టింది. గుజరాత్‌లోని ఆనంద్‌లో డాక్టర్ వర్గీస్ కురియన్ 1979లో నెలకొల్పిన గ్రామీణ నిర్వహణ సంస్థ అది. ఇర్మా అని పిలుస్తారు. రైతుల సంస్థలను రైతుల పక్షాన నడిపే చదువరులు కావాలన్నది ఆయన ఉద్దేశం. 1946లో ఖేడా జిల్లా పాల సంఘాన్ని త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో రైతులే నిలబెట్టారు. 1949లో ఆనంద్ చేరిన కురియన్ చదివింది ఇంజనీరింగు. సంఘం నడపడం ఆయన అక్కడ పని చేస్తూ నేర్చుకున్నదే.

ఇర్మాలో రెండేళ్ల చదువులో తరగతి గది ఒక భాగం మాత్రమే. విద్యార్థులను కొన్ని వారాలు ఒక పల్లెలో ఉంచుతారు. అక్కడే తిని, అక్కడే పడుకుని, ఊరి బతుకుతెరువు ఏమిటో, అప్పు ఎక్కడ పుడుతుందో, పశువును ఎవరు చూస్తారో తెలుసుకుని నివేదిక రాయాలి. తర్వాత ఒక సంస్థలో శిక్షణార్థిగా చేరి అక్కడి సమస్య ఒకటి చేపట్టాలి. 2025లో పార్లమెంటు చేసిన చట్టంతో ఆ సంస్థ త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంగా మారింది.

అటువంటి విద్యార్థి మన తీరం ఊరికి వస్తే ఏం చూస్తాడు? సభ్యత్వం భర్త పేర పుస్తకంలో ఉంటుంది, గేదె పొదుగు దగ్గర కూర్చునేది భార్య. పాలు ఎందుకు తగ్గాయో ఆమెకు తెలుసు, సమావేశానికి వచ్చేది ఆయన. రొయ్యల గుంటలు వచ్చాక మేత బీళ్లు ఎట్లా తగ్గాయో ఏ లెడ్జరులోనూ ఉండదు. గట్టు మీద నిలబడితే కనబడుతుంది.

లోపాలు కూడా ఉన్నాయి

ఈ పద్ధతులన్నీ నిర్దోషమని మేము అనము. తరగతిలో తప్పు నిర్ణయం చేసిన విద్యార్థికి మార్కులు పోతాయి, మన పాలకవర్గం తప్పు చేస్తే సభ్యుడి పాల డబ్బు పోతుంది. కేసులో అంకెలు వరుసగా పేర్చి ఇస్తారు, సంఘంలో అవి దాగి ఉంటాయి. గట్టిగా మాట్లాడేవాడికే తరగతిలో పేరు వస్తుంది, తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లీషుకు జంకే పిల్లవాడు వెనుకబడతాడు. చదువు పూర్తి కాగానే పెద్ద జీతం ఇచ్చే కంపెనీకి పోయేవారూ ఉన్నారు. వారిని తప్పుపట్టలేము గాని, పల్లెకు ఒరిగేది తక్కువ.

పిల్లవాడిని చేర్చేటప్పుడు ఫీజు ఒక్కటే కాకుండా కొన్ని సంగతులు విచారించండి. కేసులు చర్చిస్తారా, నోట్సు మాత్రమే ఇస్తారా? పని నేర్చుకునేందుకు సంస్థలకు పంపుతారా, సర్టిఫికెట్టు తెచ్చుకోమంటారా? నోరు విప్పని పిల్లల చేత కూడా మాట్లాడిస్తారా?

మా తప్పు ఒకటి

మేము డిప్లొమా చదివిన రోజుల్లో బల్ల మీద రాసింది ఎత్తి రాసుకోవడమే చదువు. తర్వాత కార్యదర్శులకు శిక్షణ తరగతులు మేము కూడా అట్లానే నడిపాము. ఒకసారి స్థానిక అమ్మకాల పుస్తకం రాసే తీరు రెండు గంటలు చెప్పాము. అందరూ తలలూపారు. తర్వాత తనిఖీకి వెళితే మూడు సంఘాల్లో అదే పుస్తకం, అవే తప్పులు. వాళ్లను కోప్పడ్డాము. తరువాత ఆలోచిస్తే కోప్పడవలసింది మమ్మల్ని మేమేనని తెలిసింది.

మరుసటి తరగతిలో పేరు తీసేసిన ఒక సంఘం పుస్తకం నలుగురికొకటి ఇచ్చి, “ఇందులో 340 రూపాయలు తేడా ఉంది, పట్టండి” అని ఊరుకున్నాము. గదిలో గోల లేచింది. ఎప్పుడూ నోరెత్తని ఒక కార్యదర్శి ముందుగా పట్టుకుని, “మా పుస్తకంలో కూడా ఇట్లానే రాస్తున్నానండీ” అన్నాడు. అంతకు ముందు మా రెండు గంటల ఉపన్యాసం ఆ మాట చెప్పించలేకపోయింది.

మన సంఘంలో చేయగలిగినది

దీనికి పట్టా అక్కర లేదు. నెలకొకసారి జరిగే పాలకవర్గ సమావేశంలో అరగంట కేటాయించండి. ఆ నెల వచ్చిన ఒక్క చిక్కు తీసుకోండి. పాలు తగ్గడం కావచ్చు, వెన్న శాతం పడిపోవడం కావచ్చు, దాణా బాకీలు కావచ్చు. కార్యదర్శి అంకెలు చదవాలి. అధ్యక్షుడు తన అభిప్రాయం చివర చెప్పాలి. ఆయన ముందు చెబితే తక్కినవారు దానికే తలూపుతారు. ప్రతి సభ్యుడూ తాను ఏం చేస్తాడో, ఎందుకో చెప్పాలి. తీర్మానానికి ముందు, “మనం ఇంకా ఎవరిని అడగలేదు?” అన్న ప్రశ్న వేసుకోవాలి. పాలు మానేసిన ఇళ్లకు ఇద్దరు వెళ్లి, పాలు పితికే వారితోనే మాట్లాడి రావాలి. తీర్మానంతో పాటు దాని కారణం కూడా మినిట్స్ పుస్తకంలో రాయండి. ఆరు నెలల తర్వాత తీసి చూస్తే అదే మీ పాఠ్యపుస్తకం.

ఇక శిక్షణ కోసం విద్యార్థి ఎవరైనా మీ సంఘానికి వస్తే కొత్త కంప్యూటరు, కడిగిన క్యానులు మాత్రం చూపి టీ ఇచ్చి పంపకండి. నష్టం వచ్చిన నెల పుస్తకం కూడా ముందు పెట్టండి. అతను నేర్చుకునేది అందులోనే ఉంది. అతను వేసే ప్రశ్నల వల్ల మనకు కూడా మేలు జరగవచ్చు.

ఆ మహాజన సభలో అడిగిన సభ్యుడికి మా జవాబు ఇది. వ్యాపారం బళ్లో నేర్పవచ్చు, కాని ఆ బడి తలుపులు ఊరి వైపు తెరిచి ఉండాలి. మీవాడిని పంపండి. సెలవులకు వచ్చినప్పుడు సంఘం పుస్తకాలు అతని ముందు పెట్టి, మన చిక్కు ఒకటి విప్పమనండి.