తుపాను కబురు ఏ తెరమీద చూడాలి?

అక్టోబరు, నవంబరు నెలల్లో మన తీరప్రాంత సంఘాల్లో ఒక వీడియో చేతులు మారుతుంటుంది. రంగురంగుల సుడి ఒకటి మచిలీపట్నం వైపు కదులుతూ ఉంటుంది. ఇది నిజమా అని పాఠకులు మమ్మల్ని అడుగుతున్నారు.

విండీ వంటి యాప్‌లలో కనిపించే ఆ సుడి ఫొటో కాదు, లెక్క. ఐరోపా, అమెరికా వాతావరణ కేంద్రాల కంప్యూటర్లు కట్టిన అంచనాను అవి బొమ్మగా చూపిస్తాయి. నేటి గాలి, వేడి, తేమల కొలతలతో ఆ లెక్క మొదలవుతుంది. నేలమీద ఉన్నన్ని కొలత పరికరాలు బంగాళాఖాతంలో లేవు. మొదట్లో రవ్వంత తేడా ఉన్నా వారం తిరిగేసరికి అది వందల కిలోమీటర్లవుతుంది. అందుకే ఒక లెక్క చెన్నై అంటే మరొకటి ఒడిశా అంటుంది. పది రోజుల తర్వాతి సుడిని చూపి సభలు వాయిదా వేసుకోనక్కరలేదు.

భారత వాతావరణ శాఖ ఇటువంటి లెక్కలు అనేకం తీసుకుని, ఉపగ్రహ చిత్రాలతో, రాడార్లతో సరిచూసి, నిపుణులు తేల్చిన మాట చెబుతుంది. ఆ పటంలో తుపాను దారి ముందుకు పోయేకొద్దీ గరాటులా వెడల్పవుతుంది. తుపాను కేంద్రం ఆ గరాటులో ఎటైనా పోవచ్చునని దాని భావం. అది తుపాను పరిమాణం కాదు. గరాటు బయట ఉన్న ఊళ్లకూ వానగాలి తప్పకపోవచ్చు.

గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుపాను, 89కి చేరితే తీవ్ర తుపాను, 118 అయితే అతి తీవ్ర తుపాను. అందరూ ఈ అంకెలే చూస్తారు. కాని 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది ముఖ్యంగా ఉప్పెన. కనుక బులెటిన్‌లో ఉప్పెన ఎన్ని మీటర్లు, ఏ జిల్లాలకు అన్న వాక్యాన్ని వెదకి చదవండి. పేరులో తీవ్రత తక్కువగా ఉన్నంత మాత్రాన పల్లపు ఊళ్లకు భయం లేదనుకోరాదు.

వేటకు వెళ్లే సహోదరులకు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తును ముందుగా తెలుపుతుంది. చేపలు దొరికే చోట్లను కూడా అదే చెబుతుంది. ఈ రెండూ వేర్వేరు సమాచారాలు. తీరం దాటి కొంతదూరం పోతే ఫోనుకు సిగ్నల్ అందదు గనుక బోటు కదలకముందే చూసుకోవాలి.

సమయాల విషయంలో ఒక మాట. కొన్ని పటాలమీద యూటీసీ అని ఉంటుంది. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన సమయం. తుపానుగా మారాక వాతావరణ శాఖ మూడు గంటలకొక బులెటిన్ ఇస్తుంది. ఫోను లేని పెద్దలకోసం మందిరపు మైకులో చదివే కాపరులు అది వెలువడిన తేదీ, గంట కూడా చదివితే మంచిది. నిన్నటి బులెటిన్లే ఎక్కువగా ఫార్వర్డ్ అవుతుంటాయి.