కాగితం మీద ఇనుప లతలు

పిల్లలూ! అమెరికాలో న్యూ ఆర్లియన్స్ అనే పట్నం ఉన్నది. అక్కడి పాతపేటలో మేడల వసారాలకు కట్టిన కటకటాలు చూస్తే, ఇనుమా ఇది, పూలపందిరా అనిపిస్తుంది. తీగలు, ఆకులు, పువ్వులు! ఒక ఇంటి ముందు కంచె అంతా మొక్కజొన్న కంకులే. మేకలు మోసపోవలసిందే!

మికేలా పాంటాల్బా అనే జమీందారిణి 1849-51 మధ్య అక్కడ రెండు పొడవాటి భవనాలు కట్టించింది. వాటి కటకటాల్లో ‘ఏ’, ‘పి’ అనే ఇంగ్లీషు అక్షరాలు పెనవేసుకుని ఉంటాయి. ఒకటి ఆమె పుట్టింటి పేరు అల్మోనెస్టర్‌కు, రెండవది అత్తింటి పేరుకు గుర్తు.

1933లో అమెరికాకు గొప్ప కరువు కాలం. కొత్త ఇళ్ళు కట్టేవారు లేక, ఇళ్ళకు నమూనాలు గీసేవారు పస్తులున్నారు. అప్పుడు చార్లెస్ పీటర్సన్ అనే ఉద్యోగి, ‘వీరిచేత పాత కట్టడాలను కొలిపించి బొమ్మలు గీయిద్దాం’ అని ప్రభుత్వానికి రాశాడు. పనిలేనివారికి పని కల్పించాలని అతని ఆలోచన. లూసియానా రాష్ట్రంలో ఈ పనికి రిచర్డ్ కోక్ పెద్ద.

ఫోటో తీస్తే చాలదా అంటారేమో! ఫోటోలో దూరమైనది చిన్నదవుతుంది, కొలత దొరకదు. ఏళ్ళ తరబడి పూసిన రంగు కింద ఆకు ఈనెలు మూసుకుపోయి ఉంటాయి కూడాను. గీసేవాడు వేలితో తడిమి, అసలు అంచు ఎక్కడో తేల్చుకోవాలి.

కొలతతో ఏం పని? పోత ఇనుము పెళుసు. దెబ్బ తగిలితే విరుగుతుంది. విరిగిన ముక్కనే ఇసుకలో అద్ది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తే సరిపోతుందనుకుంటాం. సరిపోదు! చల్లారేటప్పుడు ఇనుము అడుగుకు సుమారు అంగుళంలో ఎనిమిదో వంతు కుంచించుకుపోతుంది. నాలుగడుగుల పలక అర అంగుళం తక్కువ వస్తుంది. స్తంభాల మధ్య బిగిద్దామంటే సందు మిగులుతుంది. అందుకే బొమ్మలోని అసలు కొలత చూసి, కొయ్య అచ్చును ఆ మేరకు పెద్దదిగా చెక్కుతారు.

ఆనాడు మొదలైన బొమ్మల కొలువు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

మీరూ ఒకటి గీయండి. మీ వీధిలో పాత ఇంటి కిటికీ కటకటం చూడండి. ఒకే పువ్వు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఇంటివారి నడిగి, ఒక్కదాన్నే టేపుతో కొలవండి. అడుగుకు రెండంగుళాల చొప్పున గీస్తే నోటుపుస్తకంలో పడుతుంది.