బోర్డు మీద డిగ్రీ సరే... ఆ తర్వాత ఏం చదివారు?

"వదినా, పిల్ల ఏడుస్తుంటే ఎవరి పిల్లో ఏడుస్తున్నట్టుంది నాకు."

జగ్గయ్యపేటలో మా అత్తగారింట్లో పురిటి మంచం మీద కూచుని మా ఆడపడుచు ఈ మాట అన్నప్పుడు నేను నవ్వేశాను. రెండో కాన్పు, మళ్లీ ఆడపిల్ల, రాత్రిళ్లు నిద్రల్లేవు, అందుకే అలా అంటోందిలే అనుకున్నాను. ఆరేళ్ల కిందటి సంగతి ఇది. ఇంకో పది రోజులకి తిండి తగ్గించేసింది. పిల్లని ఒళ్లో పెడితే గోడకేసి చూస్తూ కూచునేది. మా అత్తగారు గాలి సోకిందేమోనని పెనుగంచిప్రోలు తిరుపతమ్మకి మొక్కుకున్నారు. తప్పేం లేదు, నేనూ చేతులు జోడించాను. కానీ మొక్కు ఒక్కటే చాలదనిపించి, మావారిని పోరి, ఒక పట్నంలో పేరున్న కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాం.

ఆయన బోర్డు మీద పేరు వెనకాల డిగ్రీలు రెండు వరసలున్నాయి. పావుగంట మాట్లాడారు. మాట్లాడింది ఆయనే. "మగపిల్లాడు పుట్టలేదన్న దిగులు తప్ప మీకేమీ లేదమ్మా. ఈ రోజుల్లో ఆడపిల్లలే నయం. తెల్లవారుజామున లేచి ధ్యానం చెయ్యండి" అన్నారు. తెల్లవారుజామున లేవడమేమిటి, అసలు పడుకుంటే కదా లేవడానికి! ఫీజు ఇచ్చి బస్సెక్కాం. దారిపొడవునా పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు.

నెల గడిచాక మా వీధి ఆశా కార్యకర్త చెబితే ఇంకొకావిడ దగ్గరికి వెళ్లాం. ఈవిడకి బోర్డే లేదు. చిన్న బల్ల, రెండు కుర్చీలు, ఒక నోటుబుక్కు. గడిచిన వారం రోజులు ఎలా గడిచాయో వరసగా పది ప్రశ్నలడిగింది. నవ్వొస్తోందా, రేపటి కోసం ఎదురుచూడాలనిపిస్తోందా, ఊరికే భయమేస్తోందా, ఇలాంటివి. చివర్లో గొంతేమీ మార్చకుండా "ప్రాణం తీసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అంది. నా గుండె జారిపోయింది. లేని ఆలోచన పుట్టిస్తోందేమిటీవిడ అని లేవబోయాను. ఈలోగా మా ఆడపడుచు తలొంచుకుని "రెండుసార్లు డాబా ఎక్కాను" అంది.

ఆ సాయంత్రానికే విజయవాడలో సైకియాట్రిస్టు దగ్గరున్నాం. మందులు, మధ్యమధ్య ఈవిడ దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించడం. సంక్రాంతి నాటికి మనిషి మనుషుల్లో పడింది.

కాన్పయిన తర్వాత వచ్చే ఈ దిగులు అరుదైనదేం కాదు. మన దేశంలో జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చువేసిన లెక్క ప్రకారం నూటికి 22 మంది బాలింతలు దీని బారిన పడుతున్నారు. ఆ పది ప్రశ్నల పట్టిక పేరు ఎడిన్‌బరో స్కేలు. స్కాట్లాండులో తయారై, 1987లో అచ్చయింది. అంటే మేం వెళ్లిన మొదటాయన వృత్తిలోకి రాకముందు నుంచీ ఉండే ఉంటుంది. ఆయన అది నేర్చుకోలేదు. నేర్చుకోమని అడిగినవాళ్లూ లేరు.

నేనుండబట్టలేక ఆవిడ్ని తర్వాతెప్పుడో అడిగాను, ఇవన్నీ ఎక్కడ చదివారని. "డిగ్రీలో కాదండీ. ఉద్యోగంలో చేరాక ట్రైనింగుల్లో. చావు గురించి అడగడానికి మొదట్లో నాకూ నోరొచ్చేది కాదు" అంది. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనన్న భయం అందరికీ ఉన్నదే. అమెరికాలో రెండువేలమందికి పైగా స్కూలు పిల్లల మీద పరీక్ష చేసి 2005లో తేల్చారట, అడగడం వల్ల ఆలోచన పుట్టదు, ఇప్పటికే దిగులుతో ఉన్నవాళ్లకి కాస్త ఊరట అయినా కావచ్చు అని. ఇది పాత పుస్తకాల్లో దొరకదు కదా మరి!

డాక్టరుకి 30 గంటలు, కౌన్సెలర్‌కి?

అప్పటినుంచీ నాకో పట్టుదల. ఈ మనసు వైద్యం చేసేవాళ్లు డిగ్రీ చేతికొచ్చాక మళ్లీ చదవాలా, అక్కర్లేదా? మా నందిగామలో బ్యూటీషియన్ అమ్మాయి ఏడాదికోసారి విజయవాడ వెళ్లి కొత్త కోర్సు చేసొస్తుంది. "లేకపోతే నా దగ్గరికెవరొస్తారాంటీ" అంటుంది. జుట్టుకే అంత శ్రద్ధ కావాలంటే మనసుకెంత కావాలి?

తెలుసుకుంటే లెక్క ఇలా ఉంది. డాక్టర్లయితే 2002 నాటి వృత్తి నియమాల ప్రకారం అయిదేళ్లలో కనీసం 30 గంటలు కొత్త విషయాలు నేర్చుకోవాలి. సైకియాట్రిస్టు డాక్టరే కనుక ఆయనకీ ఇదే వర్తిస్తుంది. క్లినికల్ సైకాలజిస్టులు డాక్టర్లు కారు. వాళ్లు 1992 చట్టంతో ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేసుకోవాలి. ఆ నమోదు అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలంటే ట్రైనింగులకీ సదస్సులకీ హాజరై 100 పాయింట్లు కూడబెట్టాలి.

ఇక మన ఊళ్లలో మనకి నిజంగా ఎదురయ్యే మనిషి కౌన్సెలర్. ఆస్పత్రిలో, సఖి కేంద్రంలో, కాలేజీలో, ఫ్యామిలీ కౌన్సెలింగ్ సెంటర్లో, లేదా సొంతగా గది అద్దెకు తీసుకుని కూచునేది వీళ్లే. వీళ్లని ఇన్ని గంటలు చదవమని కట్టడి చేసిన నియమం ఇన్నాళ్లూ లేదు. ఎం.ఏ. సైకాలజీ చేసినవారూ కౌన్సెలరే, నెల రోజుల సర్టిఫికెట్ కోర్సు చేసినవారూ కౌన్సెలరే. 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లలాంటి అనుబంధ ఆరోగ్య వృత్తులన్నిటికీ ఒక కమిషను, రాష్ట్రాల కౌన్సిళ్లు, రిజిస్టర్లు ఉండాలని. ఆ జాబితాలో సైకాలజిస్టులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, హెచ్ఐవి కౌన్సెలర్లు, కుటుంబ నియంత్రణ కౌన్సెలర్లు కూడా ఉన్నారు. రిజిస్టరులో పేరెక్కించడంతో సరిపెట్టకుండా, ఎక్కినవాళ్లు ఎప్పటికప్పుడు చదివేలా కూడా చూస్తే మనలాంటి ఊళ్లకి మేలు.

పాతబడిన సలహా ప్రాణం మీదికి తెస్తుంది

పాతబడితే ఏమవుతుంది, మనసులు మారతాయా ఏమన్నానా అనొచ్చు మీరు. మా పల్లెల్లో మిరపతోటలకీ పత్తిచేలకీ కొట్టే పురుగుమందు డబ్బా ప్రతి ఇంటి వసారాలోనూ ఉంటుంది. ఎవరైనా తాగితే ఆస్పత్రికి తీసుకెళ్లడానికి వెనకాడేవాళ్లు, పోలీసు కేసవుతుందని. "పొరపాటున మింగింది" అని చెప్పేవాళ్లు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మాట మార్చేసింది. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, చికిత్స ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది అంది. 2024 జూలైలో కొత్త న్యాయ సంహిత వచ్చాక పాత 309 సెక్షనే పోయింది. ఇది తెలియని కౌన్సెలర్ ఇప్పటికీ "బయటికి చెప్పకండి, కేసవుతుంది" అంటే ఆ ఇల్లు గుట్టుగా ఉండిపోతుంది. రెండోసారి డబ్బా ఎత్తే సమయానికి పక్కన ఎవరూ ఉండరు.

ఇంకోటి. మొగుడు కొట్టాడని వెళ్తే "అసలు నువ్వేమన్నావమ్మా?" అని అడగడం మన దగ్గర కౌన్సెలింగ్ అనే పేరుతో చాలాకాలం నుంచి చలామణీ అవుతోంది. 2006లో గృహహింస చట్టానికి రాసిన నియమాలు చూస్తే నేనే ఆశ్చర్యపోయాను. కోర్టు పంపిన కేసులో కౌన్సెలింగ్ మొదలుపెట్టేముందే అతనికి చెప్పాలిట, తను కొట్టినదానికి కారణాలూ సమర్థింపులూ ఇక్కడ చెల్లవని. "ఉప్పెక్కువైంది కనుక కొట్టాను" అనే మాటకి ఆ గదిలో చోటే లేదన్నమాట! ఎంతమంది కౌన్సెలర్లు ఆ నియమం చదివి ఉంటారు?

మంచి ఉద్దేశంతో చేసేదీ తప్పు కావచ్చు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయి. మరుసటేడు ఆగస్టు ఆఖర్లో, సెప్టెంబరులో కురిసిన వానలకి మా ప్రాంతమే కాదు, విజయవాడా మునిగింది. అలాంటప్పుడు బాధితుల్ని కూర్చోబెట్టి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించి ఏడిపిస్తే మనసు తేలికవుతుందని ఒకప్పుడు నేర్పేవారు. తర్వాత పరిశోధనలు చూస్తే, అలా ఒక్కసారి బలవంతాన చెప్పించడం వల్ల ఒరిగేదేమీ లేదు, కొందరికి చెరుపు కూడా అని తేలింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పుస్తకంలో పద్ధతి వేరు. మంచినీళ్లు, చోటు, తనవాళ్ల కబురు ముందు చూడు. చెప్పాలనుకుంటే విను, చెప్పమని గుచ్చకు. మా అమ్మమ్మ ఇవన్నీ చదవకుండానే చేసేది, అది వేరే సంగతి.

సమోసా, సర్టిఫికెట్

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ట్రైనింగ్ అన్న ప్రతిదీ ట్రైనింగ్ కాదు. పొద్దున జ్యోతి ప్రజ్వలన, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సమోసా, సర్టిఫికెట్, ఫొటో. ఇంటర్నెట్లో వచ్చేవైతే ఇంకా సులువు. ఫోను గట్టు మీద నిలబెట్టి, గొంతు నొక్కేసి, పప్పు తాలింపు పెట్టుకుంటూ హాజరైపోవచ్చు. నేను చూశాను కనుక చెబుతున్నాను. పాయింట్లు మాత్రం పడతాయి.

మరి అక్కరకొచ్చే చదువు ఎలా ఉంటుంది? బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 2014లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. అమెరికాలో న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ప్రారంభించిన 'ఎకో' అనే పద్ధతి అది. జిల్లాల్లో, చిన్న ఊళ్లలో పనిచేసేవాళ్లు వీడియోలో కలుస్తారు. పాఠం కాసేపే. ఆ తర్వాత వాళ్లలో ఒకరు తమ దగ్గరికొచ్చిన కేసు, పేరు చెప్పకుండా, అందరి ముందు పెడతారు. "నేనిలా చేశాను, ఇక్కడ ఆగిపోయాను" అంటారు. మిగతావాళ్లూ పెద్దలూ కలిసి ఆలోచిస్తారు. 2018లో నిమ్హాన్స్ డిజిటల్ అకాడమీ కూడా పెట్టింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఫోను సేవకి కూడా పెద్దదిక్కు నిమ్హాన్సే. 14416కి ఏ వేళప్పుడైనా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి, గ్యాస్ నంబరు పక్కనే.

గోవాలో సంగత్ అనే సంస్థ చేసినది నాకింకా నచ్చింది. మామూలు చదువు చదివిన స్థానికులకే తర్ఫీదిచ్చి దిగులు జబ్బుకి కౌన్సెలింగ్ చేయించారు. ఫలితం బాగుందని 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కిటుకు ఎక్కడుందంటే, తర్ఫీదిచ్చి వదిలెయ్యలేదు. రోగి ఒప్పుకుంటే మాటలు రికార్డు చేసి, కౌన్సెలర్లు గుంపుగా కూచుని ఒకరిది ఒకరు విని, ఎక్కడ తొందరపడ్డావు, ఎక్కడ బాగా విన్నావు అని మార్కులేసుకునేవాళ్లు. మనం కొత్త కోడలి సాంబారు రుచి చూసినట్టే, కాకపోతే వంకలు తక్కువ!

మన జిల్లావాళ్లకి ఒక పాత ఉదాహరణ ఉంది. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికన దశాబ్దాలపాటు ఆడవాళ్ల ఉత్తరాలకి జవాబులిచ్చారు. అప్పుడు కౌన్సెలరన్న మాటే మనకి తెలియదు. ఆవిడ సైకాలజీ డిగ్రీ పుచ్చుకుని రాయలేదు. కానీ వందలకొద్దీ ఇంగ్లీషు నవలలు చదివి మనకి పరిచయం చేసిన మనిషి. చదవడం మానలేదు గనకే ఆ జవాబులు పాతబడలేదని నా నమ్మకం. అయినా ఉత్తరానికి జవాబు రాయడం వేరు, ఎదురుగా కూచున్న మనిషి డాబా ఎక్కానంటే వినడం వేరు.

ఇంకోసారి మనలో ఎవరైనా కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే గోడ మీది సర్టిఫికెట్ల మీద సంవత్సరాలు చూద్దాం. "ఈ మధ్య ఏం నేర్చుకున్నారండీ? మీకు తెలియకపోతే ఎవర్నడుగుతారు?" అని మర్యాదగానే అడుగుదాం. మంచివాళ్లు కోప్పడరు. సైకియాట్రిస్టుకి ఎప్పుడు పంపాలో తెలిసినవాళ్లు అసలే కోప్పడరు.

నేనా బల్లా కుర్చీల ఆవిడ్ని అడిగిన ఆఖరి ప్రశ్న కూడా అదే. విజయవాడ వెళ్లి రావాలంటే ఒక రోజు సెలవు, బస్సు ఖర్చు సొంతం, స్కూలునుంచొచ్చిన పిల్లల్ని ఎవరో ఒకరు చూడాలి. మరెలా అన్నాను. నాలుగు ఊళ్ల కౌన్సెలర్లు అయిదుగురు కలిసి గురువారం సాయంత్రం గంటసేపు ఫోనులో మాట్లాడుకుంటారట. ఎవరి పేరూ ఎత్తరు. ఆ వారం ఎక్కడ తడబడ్డారో చెప్పుకుంటారు. ఒక్కోసారి ఎవరో ఒకరు ఏడుస్తారు కూడా.

"మీ ఆడపడుచు గారి సంగతి కూడా ఆ వారం అందులో పెట్టానండీ" అంది. "అదే రోజు డాక్టరు దగ్గరికి పంపడం సరైనదేనా, కంగారుపడ్డానా అని నాకు రాత్రంతా నిద్రలేదు."

గురువారం ఆ ఇంట్లో వంట వాళ్లత్తగారిదిట.