కొలిమి వెల, మారుబేరపు వెల

1953వ సంవత్సరమున న్యూయార్కు నగరములో అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ అను అంగడికి ఒక యువకుడు కత్తి కొనుటకు పోయెను. నేడు ఆ పేరు దుస్తుల వ్యాపారమునకు చెందినది గాని, ఆ రోజులలో అది వేటగాండ్రకును జాలరులకును పరికరములు సమకూర్చు దుకాణము. యువకుని పేరు రాబర్టు లవ్‌లెస్. వాణిజ్య నౌకలలో పనిచేయువాడు. అతడు కోరినది ఫ్లారిడా రాష్ట్రమున ఆర్లాండోలో బో రాండల్ అను పనివాడు చేయుచుండిన కత్తి. తొమ్మిది నెలలు ఆగవలయునని అంగడివారు చెప్పిరి. ఓడలమీద బ్రతుకువానికి తొమ్మిది నెలల వాయిదా ఎట్లు కుదురును? అతడు పాత ఇనుప సామానులో పడియున్న ఒక ప్యాకార్డు కారు స్ప్రింగు సంపాదించి, తన కత్తి తానే చేసికొనెను. మరుసటి యేట ఆ యంగడివారే అతని కత్తులు తెప్పించి అమ్మసాగిరి. 2010లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడులో అతడు కన్నుమూయు నాటికి, అతని చేతి కత్తులు వేలకొలది డాలర్లకు చేతులు మారుచుండెను.

ఇట్లు చేతులు మారుటలో లాభము గడించువాడు ధర్మము తప్పినవాడా, కాడా అనునది అమెరికాలోని కత్తుల ప్రియుల మధ్య నేటికిని తెగని తగవు. కత్తి మనకు వంటింటి వస్తువు, కాదేని పొలము వస్తువు. దానిని పట్టుగుడ్డలో చుట్టి దాచుకొనుట మన వారికి వింతగా తోచును. కాని తగవునకు మూలము వెల. వెలతో పని లేనివారు మనలో ఎవరు?

చేతిపని కత్తి తయారగుట యెట్లో చూడుడు. ఉక్కు పలకను కోసి, సానరాతిపై అలుగును తీర్చి, కొలిమిలో ఎఱ్ఱగా కాచి నూనెలో చల్లార్చుదురు. అప్పుడది గట్టిపడును గాని గాజువలె పెళుసగును. మరల తక్కువ సెగలో కొన్ని గంటలుంచి ఆ పెళుసుదనమును తీసివేయవలెను. వేడి కొంచెము హెచ్చినను పదును నిలువదు, తగ్గినను అలుగు విరుగును. పిమ్మట పిడి అమర్చుట, మెరుగుపెట్టుట, తోలుతో ఒర కుట్టుట. ఇట్టి పని రెండు చేతులు ఏడాదికి ఎంత చేయగలవు? కోరువారు వేలు; కత్తులు కొన్ని పదులు, మించిన వందలు.

వెల పెంచిన వరుస తరుగునని అర్థశాస్త్రము చదివినవారు చెప్పుదురు. నిజమే. కాని అప్పుడు వరుస విడిచి పోవువాడెవడు? మొదట పోవువాడు ఆ కత్తితో పనియున్నవాడు. అడవిలో తిరుగువాడు, సైన్యములో నుండువాడు, నెలజీతముపై బ్రతుకువాడు. పనివాడు దాని కిష్టపడడు. తన కత్తి పదును తెలిసినవాని చేతిలో అరుగవలెనని అతని కోరిక. అందుచే వెలలో కొంత తగ్గించి, ఆ తగ్గినదానిని ఓర్పుతో చెల్లింపుమనును. బయానా కట్టి, పేరు వ్రాయించుకొని, వంతు వచ్చువరకు ఆగుము. ఇదియే అతని షరతు. రాండల్ 1989లో గతించినను, ఆ కుటుంబపు కార్ఖానాలో నేటికిని యేండ్ల తరబడి నిరీక్షించువారి పట్టిక యున్నది. అట్లాంటాలో ఏటేట జరుగు కత్తుల ప్రదర్శనలో కొందరు పనివారు పేర్లు వ్రాసిన చీట్లు పెట్టెలో వేయించి, వచ్చిన పేరుగలవానికే కత్తి నిత్తురు. ధనమునకు తావీయకుండుటకు వారు కనిపెట్టిన ఉపాయమది.

ఇప్పుడొకడు ఆ పెట్టెలో తన పేరుతోపాటు, కత్తులన్న ఏమియు నెరుగని బావమరిదిచేతను మిత్రులచేతను చీట్లు వేయించెననుకొందము. ఒక చీటి పలికినది. కత్తి చేతబట్టి, అడవులలో దానితో తాను చేయబోవు పనులు పనివానికి వర్ణించి, సాయంకాలమునకే రెట్టింపు వెలకు అమ్మివేసెను. ఇతడు చేసిన తప్పేమి?

చట్టము నడిగిన, తప్పేమియు లేదనును. ఒకప్పుడు ఒక ప్రకాశకుల సంస్థ తమ నవలను డాలరుకు తక్కువగా ఎవరును అమ్మరాదని పుస్తకములోనే అచ్చువేయగా, న్యూయార్కులోని మేసీ దుకాణమువారు దానిని 89 సెంట్లకు అమ్మిరి. 1908లో అమెరికా సుప్రీంకోర్టు, తొలి అమ్మకము జరిగిన పిమ్మట మరు అమ్మకపు వెలను శాసించు హక్కు గ్రంథస్వామ్యము వలన రాదని తీర్పు చెప్పినది. కొన్నవాడే సొంతదారు. తక్కువకు అమ్ముటకు హక్కున్నవానికి ఎక్కువకు అమ్ముటకును ఉండవలెను గదా! పైగా మారుబేరగానికి నష్టభయమును కలదు. నేడు మోజుపడిన కత్తిని రేపెవరును ముట్టకపోవచ్చును.

ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. అయినను 13వ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ దీనికి అడ్డువేసిన గీత యొకటి కలదు. వస్తువును విడుచుటవలన అమ్మువానికి కలుగు నష్టమును వెలలో చేర్చుట న్యాయమే. కాని అమ్మువానికి ఏ నష్టమును లేక, కొనువాని అవసరము మాత్రమే పెద్దదైనపుడు, ఆ అవసరమును అమ్ముకొను హక్కు వానికి లేదని ఆయన మతము. ఇరువది యేండ్లు తన నడుమున నుండిన కత్తిని, కుమారుని చదువునకై, పెరిగిన వెలకు అమ్మువాడు తనలో కొంత భాగమునే ఇచ్చుచున్నాడు. వానిని నిందించుటకు నాకు నోరు రాదు. ఉదయము కొని సాయంకాలము అమ్మువాడు విడుచునది ఏమి? వరుసలో ఒక చోటు. ఆ చోటు వానికి వాడుకొనువాడను నమ్మకముపై దక్కినది. కనుక తప్పు లాభమున లేదు. పనివానితో ఆడిన మాటలో కలదు. ఏమియు చెప్పక, ఒక్క చీటియే వేసి, పిదప అమ్మినవాడు నా దృష్టిలో సగము దోషి మాత్రమే.

ఇక్కడ మరియొక మాట. అన్ని కత్తులకును ఈ న్యాయము వర్తింపదు. యంత్రములపై వేలకొలది చేయగల పెద్ద కార్ఖానా, పిడి రంగు మార్చి, అంకె చెక్కి, ఇన్నియే చేయుదుమని చాటింపు వేయుట కలదు. అక్కడి కొరత చేతుల కొరత కాదు, అమ్మకపు తంత్రము. అట్టివారు మారుబేరగాండ్రపై కన్నీరు కార్చిన నాకు నవ్వు వచ్చును. ఆ విద్య నేర్పినవారు వారే.

చిత్రకారుల విషయమున లోకము ఒక మధ్యేమార్గము త్రొక్కినది. మరు అమ్మకములో చిత్రకారునికి భాగమీయవలెనని ఫ్రాన్సు 1920లో శాసించెను. మన దేశములోను 1994లో గ్రంథస్వామ్య చట్టమునకు చేర్చిన 53-ఎ సెక్షను ప్రకారము, మూల చిత్రమో, శిల్పమో, రచయిత వ్రాతప్రతియో పదివేల రూపాయలకు మించిన వెలకు మరల అమ్ముడైన, కర్తకు అందులో నూటికి పది మించకుండ భాగము రావచ్చును. కత్తి ఆ జాబితాలో లేదు. ఉండినచో మంచిదే. అయితే ఆ భాగము పనివానికి డబ్బు నిచ్చునేగాని, వరుసలో నిలిచి వట్టిచేతులతో మరలిన వానికి కత్తి నీయదు.

మారుబేరము హెచ్చినకొలది పుట్టు మరియొక పీడ నకిలీ. లవ్‌లెస్ ముద్రకు వేల డాలర్లు పలుకునని తెలిసిన పిమ్మట, అదే ముద్ర వేసిన దొంగకత్తులు బయలుదేరినవి. నేడు అతని కత్తి కొనువాడు పదును చూచుటకు ముందు, అది నిజముగా అతనిదేయని తెలిసినవారి ధ్రువపత్రము నడుగును. అలుగుకంటె అక్షరములకు విలువ హెచ్చినది.

అయినను ఒక సందేహము నన్ను విడువకున్నది. 1953లో ఆ యంగడి వాకిట మారుబేరగాడొకడు నిలిచి, రెట్టింపు వెలకు రాండల్ కత్తి ఇప్పుడే ఇత్తునని ఆ నౌకాకార్మికుని చెవిలో చెప్పియున్నచో? జేబులో డబ్బున్న యెడల, అతడు కొనియే యుండును. ఆ ప్యాకార్డు స్ప్రింగు పాత ఇనుములోనే త్రుప్పుపట్టి యుండెడిది.