కొత్త కారు కొనేవాళ్ళకు నాలుగు మాటలు

మన సోలాపూర్‌లో మిల్లు కుటుంబాల పిల్లలు ఇప్పుడు కార్లు కొంటున్నారు. అందుకే రాస్తున్నాను. మేము మారుతి డిజైర్ పెట్రోలు బండి తీసుకొని ఏడాదయింది. నా పి.ఎఫ్. పైకం కొంత, మిగతాది అబ్బాయి లోను.

షోరూములో "ఇన్సూరెన్సు ఇక్కడే తీయాలి" అన్నారు. అలాంటి రూలు లేదు, బయట కూడా తీయొచ్చు. 3 ఏళ్ళ థర్డ్ పార్టీ మాత్రం తప్పదు. మ్యాట్లు, సీటు కవర్లు వద్దంటే తీసేస్తారు. బిల్లు వరుసగా చదివించుకోండి.

బండి పొడవు 4 మీటర్ల లోపే, మన గల్లీల్లో తిరుగుతుంది. కానీ కింద జాగా 163 మిల్లీమీటర్లే. అయిదుగురం కూర్చుంటే స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా ఎక్కించాలి. సీటు కిందికుంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే ఎక్కి దిగి చూడాలి. మా ఇంటామె రెండుసార్లు దిగి చూసి సరే అన్నాకే డబ్బు కట్టాము.

లీటరుకు ఊళ్ళో 15, హైదరాబాదు రోడ్డు మీద 21 కిలోమీటర్లు వచ్చింది.

కిస్తు ఒక్కటే లెక్కేయకండి. పెట్రోలు, సర్వీసు, ఏటా ఇన్సూరెన్సు కూడా కలపండి. మగ్గం అమ్మి, బంగారం కుదువబెట్టి మాత్రం కారు తేవద్దు. కారు తిండి పెట్టదు, మగ్గం పెడుతుంది.