చెట్టెక్కే పనికి ఎంత ఇవ్వాలి?

మా ఖుర్సీపార్‌లో వానలు జూన్ నెల మధ్యకు వస్తాయి. అంతకు ముందే, మే ఎండల్లోనే, వీధుల్లో కొమ్మలు కొట్టించే పని మొదలవుతుంది. గాలివానకు వేపకొమ్మ విరిగి కరెంటు తీగ మీద పడితే వీధంతా చీకటే కదా! శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి భిలాయి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు మా చుట్టూ చాలా ఉన్నాయి. పెరట్లో కొబ్బరిచెట్టో మునగచెట్టో లేకపోతే వాళ్లకు తోచదు. అందుకని చెట్టెక్కేవాళ్లు మాకు కొత్త కాదు. వాళ్లు కిందికి దిగాక గేటు దగ్గర జరిగే బేరమూ కొత్త కాదు. "అరగంట పనికి అంతా?" అనే మాట మేమంతా ఏదో ఒక ఇంటి ముందు విన్నదే.

ఆ అరగంటలో ఏముందో లెక్క వేసి చూద్దామనుకున్నాం.

ముందు భౌతికశాస్త్రం. బాగా ఎదిగిన కొబ్బరిచెట్టు 60 అడుగులు ఉంటుంది, అంటే సుమారు 18 మీటర్లు. పదకొండో తరగతిలో నేర్చుకునే సూత్రంతో, గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే, అంత ఎత్తు నుంచి జారిన మనిషి రెండు సెకన్లలోపే నేలను తాకుతాడు. అప్పుడతని వేగం గంటకు దాదాపు 68 కిలోమీటర్లు. హైవే మీద పోయే బస్సు వేగం అది. అరగంట పనిలో ప్రతి నిమిషం ఆ రెండు సెకన్లు అతని వెనకాలే ఉంటాయి.

ఇక నైపుణ్యం. తెలంగాణలో తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి చూస్తే అదేమిటో తెలుస్తుంది. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టే లావుపాటి తాడును మోకు అంటారు. దాన్ని పైకి ఎగరేస్తూ, పాదాలతో మానును పట్టుకుంటూ ఎక్కుతాడు. పైన గెల చివరను కత్తితో పలచగా చెక్కి లొట్టి కడతాడు. చెక్కు కాస్త మందమైతే గెల పాడవుతుంది. ఒక్కరోజు మానేస్తే గాయం ఎండిపోయి కల్లు కారడం ఆగిపోతుంది. అందువల్ల రోజుకు రెండుసార్లు ప్రతి చెట్టూ ఎక్కాల్సిందే. ఈ పనికి ఆదివారం సెలవు లేదు. మన పక్కనున్న బస్తర్‌లో సల్ఫీ అని పిలిచే చెట్టు కూడా ఇలాంటిదే. తెలుగు మన్యంలో దాన్నే జీలుగు చెట్టు అంటారు.

కోనసీమలో కొబ్బరికాయలు కోసేవాళ్లను దింపు కార్మికులంటారు. ఏ గెల ముదిరిందో, ఏది ఇంకో నెల ఆగాలో వాళ్లకు చూడగానే తెలుస్తుంది. ఊళ్లల్లో కొమ్మలు కొట్టేవాళ్ల విద్య ఇంకో రకం. కొమ్మ ఎటు బరువుగా ఉందో, నరికితే ఏ వైపు తిరుగుతుందో, ఎక్కడ కోస్తే చెట్టుకు గాయం మానుతుందో ముందే ఊహించాలి. పొరుగింటి రేకుల మీద పడకుండా తాడు కట్టి దించాలి. విదేశాల్లో ఈ విద్య తెలిసినవాళ్లను ఆర్బరిస్టులంటారు. 1924లో అమెరికాలో మొదలైన ఒక సంస్థ, ఇప్పుడు అంతర్జాతీయ ఆర్బరిస్టుల సంఘం, మూడేళ్ల అనుభవం చూసి, పరీక్ష పెట్టి వాళ్లకు ధ్రువపత్రం ఇస్తుంది. మన దగ్గర అదే పని చేసే మనిషిని కూలివాడు అని ఊరుకుంటాం.

ఇక్కడే అసలు చిక్కు. మన దేశంలో కనీస వేతనం నిర్ణయించేటప్పుడు పనిని నాలుగు మెట్లుగా విడదీస్తారు: నైపుణ్యం అక్కర్లేనిది, కొంత నైపుణ్యం కావలసినది, నైపుణ్యం గలది, అత్యంత నైపుణ్యం గలది. మెట్టు మారితే రోజు కూలీ మారుతుంది. చెట్టెక్కే మనిషిని "కొమ్మలు కొట్టే కూలీ" అని రాసుకుంటే మొదటి మెట్టు మీదే ఉండిపోతాడు. మూడో మెట్టు అతనిదని మా అభిప్రాయం.

మా నాన్నలు, మావయ్యలు చాలామంది కర్మాగారంలో పనిచేస్తారు కాబట్టి ఇంకో పోలిక కూడా మాకు తట్టింది. 1948లోనే రెండు చట్టాలు వచ్చాయి, కనీస వేతనాల చట్టం, ఫ్యాక్టరీల చట్టం. ఎత్తులో పనిచేసే మనిషి పడిపోకుండా ఏర్పాటు చేయాలని ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ చెప్పింది. 2019, 2020 సంవత్సరాల్లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లలో ఈ పాత చట్టాలను కలిపారు. కర్మాగారంలో 18 మీటర్ల ఎత్తున పనిచేయాలంటే అనుమతి పత్రం, హెల్మెట్, ఒంటికి బిగించే హార్నెస్ ఉండాలి. ప్రహరీ బయట అంతే ఎత్తు కొబ్బరిచెట్టు మీద ఉన్న మనిషికి ఒక తాడు, ఒక కత్తి. భూమ్యాకర్షణ ప్రహరీకి రెండు వైపులా ఒకటే. పెరడు మాత్రం ఫ్యాక్టరీ కాదు.

మరి కూలీ ఎక్కువే తీసుకుంటున్నారు కదా అనే పెద్దలున్నారు. ఊహించిన అంకెలతోనే లెక్క చూద్దాం. చెట్టుకు 300 రూపాయలు, రోజుకు 4 చెట్లు అనుకుందాం. రోజుకు 1,200 వచ్చినట్టు. బాగానే ఉందనిపిస్తుంది. కానీ నెలలో 12 రోజులే పని దొరికితే 14,400. కింద తాడు పట్టుకునే సహాయకుడికి మూడో వంతు పోతే మిగిలేది 9,600. నెలలో ముప్ఫై రోజులూ తినాలి కాబట్టి ముప్ఫైతో భాగిస్తే రోజుకు 320. ఇందులోంచే తాడు మార్చాలి, కత్తి సాన పట్టించాలి. మాను నానిపోయి జారే వానాకాలం ఇంకా లెక్కలోకే రాలేదు. మోకాళ్లు సహకరించని వయసు గురించి కూడా ఆలోచించాలి. గుమాస్తా అరవై ఏళ్ల దాకా చేస్తాడు, చెట్టెక్కేవాడు అన్నాళ్లు ఎక్కలేడు. కాబట్టి అతని కూలీలో ముసలితనానికి దాచుకునే భాగం కూడా ఉండాలి.

కేరళలో ఈ లెక్కను ఆలస్యంగా గుర్తించారు. కొత్తతరం ఈ పనిలోకి రాక కాయలు దించే మనుషులే కరువయ్యారు. అప్పుడు, 2011లో, కొచ్చిలో ఉన్న కొబ్బరి అభివృద్ధి బోర్డు యువకులకు ఎక్కే యంత్రంతో శిక్షణ మొదలుపెట్టింది. వాళ్లను కొబ్బరిచెట్టు మిత్రులు అని పిలిచారు. ప్రమాద బీమా కూడా జోడించారు. పేరు మారడం చిన్న విషయమేమీ కాదని మాకనిపిస్తుంది. మిత్రుడితో బేరం కాస్త మర్యాదగానే చేస్తారు.

తెలంగాణలో 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో గీత కార్మికులకు రక్షణ కిట్లు పంచడం ప్రారంభించారు. కాలు జారినా మనిషి నేల మీద పడకుండా చెట్టుకే పట్టి ఉంచే తాళ్లు అవి. గౌడులు కొలిచే దేవుడి పేరుతో వాటికి కాటమయ్య రక్షణ కవచం అని పేరు పెట్టారు.

భిలాయి పెరళ్లలో అలాంటి పథకం కోసం కూర్చోనక్కర్లేదు. చెట్టెక్కకముందే రేటు మాట్లాడుకోవచ్చు. దిగాక తగ్గించమనడం మాత్రం అన్యాయం. తీగ పక్కన కొమ్మయితే విద్యుత్ శాఖకు చెప్పి సరఫరా ఆపించాకే ఎక్కమనాలి. ఇంకొకటి, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. బ్యాంకు ఖాతా ఉండి, 18 నుంచి 70 ఏళ్ల మధ్య వయసున్న ఎవరైనా చేరవచ్చు. ఏడాదికి 20 రూపాయలు కడితే, ప్రమాదంలో మరణించినప్పుడు కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. ఒక కన్నో, చెయ్యో, కాలో పోతే లక్ష. చెట్టెక్కే మనిషి ఇంటికి ఈ మొత్తం చాలదు, అయినా ఏమీ లేకపోవడం కంటే నయం. ఫారం నింపడం మన తొమ్మిదో తరగతివాళ్లకు కూడా వచ్చే పనే. బీమా సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది. ఖుర్సీపార్‌లో కొమ్మలు కొట్టించేది సరిగ్గా ఆ ముందు నెలలోనే.